నీడల గది మావయ్య

నా పేరేమిటని అడిగితే మా సైన్స్ కేంద్రంలో సగం మంది తెల్లమొహం వేస్తారు. “నీడల గది మావయ్య” అంటే మాత్రం గేటు దగ్గర పూలకుండీలకు నీళ్ళు పోసే ఆవిడ కూడా తడుముకోకుండా పై అంతస్తు వైపు వేలు చూపిస్తుంది. పద్నాలుగేళ్ళుగా నేను ఆ గదిలోనే పడి ఉన్నాను. కిటికీలు లేని గది అది. మూడు గోడలకు నల్లరంగు, నాలుగో గోడకు లేత పసుపుపచ్చ. ఆ నాలుగో గోడ నా సొంత కష్టం. మూడు పూతలూ నా చేతులతో నేనే వేశాను. వెలుగు పడితే తాగేసి, కాసేపు దాచుకుని, మెల్లమెల్లగా బయటికి వదిలే రంగు.

వచ్చినవాళ్ళు ఆ గోడకు ఆనుకుని ఇష్టమొచ్చిన భంగిమలో నిలబడతారు. నేను ఎదురుగా ఉన్న పెద్ద ఫ్లాష్ లైటు స్విచ్ నొక్కుతాను. ఒక్క క్షణం కళ్ళు బైర్లు కమ్మే వెలుగు, ఆ వెంటనే చీకటి. వాళ్ళు పక్కకు తప్పుకుంటే గోడంతా ఆకుపచ్చగా మెరుస్తూ ఉంటుంది, వాళ్ళ నీడలు మాత్రం నల్లగా అక్కడే నిలబడి ఉంటాయి. పిల్లలు కెవ్వుమంటారు. పెద్దవాళ్ళు కూడా కెవ్వుమని, ఆనక ఎవరైనా విన్నారేమోనని దగ్గుతారు. వాళ్ళు కిందికి దిగి అయస్కాంతాల గదిలోకి వెళ్ళిపోయాక కూడా ఆ నీడలు మూడు నాలుగు నిమిషాలు ఉంటాయి. అప్పుడు గదిలో వాళ్ళ నీడలూ నేనూ మిగులుతాం. స్విచ్ నొక్కేవాణ్ణి కాబట్టి నా నీడ ఆ గోడ మీద ఎప్పుడూ పడలేదు.

మా దగ్గర ఒక నియమం ఉంది. జవాబు చెప్పకూడదు. మా ఇన్‌ఛార్జి మేడం వచ్చిన కొత్తలోనే దాన్ని టైపు చేయించి ప్రతి గదిలోనూ అల్మరా తలుపు లోపలి వైపు అంటించారు. “పిల్లలు అడిగినదానికి మన నోటినుంచి జవాబు రాకూడదు. తిరిగి ఒక ప్రశ్న వేయండి. వాళ్ళే చూసి, చేసి, తప్పి, మళ్ళీ చేసి తెలుసుకోవాలి.” మొదట్లో నాకు నవ్వొచ్చింది. అంతకుముందు నేను ఒక కాలేజీ ల్యాబులో అటెండర్ని. అక్కడ మాస్టారు జవాబు చెప్పేవారు, పిల్లలు రాసుకునేవారు, పరీక్ష అయ్యాక అందరూ కలిసికట్టుగా మర్చిపోయేవారు. ప్రశ్నకు ప్రశ్నే జవాబంటే అదేదో పని తప్పించుకునే ఎత్తు అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఆ కాగితానికి దాసోహం అన్నాను. ఒక రోజు ఆరేళ్ళ పిల్ల ఒకతి నా చొక్కా పట్టుకుని లాగింది.

“మావయ్యా, నా నీడ గోడకి అంటుకుపోయింది!”

“అంటుకుందా? అయితే గోకితే ఊడి రావాలిగా. గోకి చూడు.”

గోకింది. రాలేదు.

“ఇదిగో టార్చి. నీ నీడ మీద దీంతో ఒక గీత గియ్యి. ఏమవుతుందనుకుంటున్నావు?”

“ఏమీ అవదు,” అంటూనే గీసింది. నీడ పొట్టలో ఆకుపచ్చ గీత ఒకటి మెరిసింది. ఆ పిల్ల గీతనీ, టార్చినీ, గోడనీ మార్చి మార్చి చూసింది. నోరు తెరిచింది, మూసింది. ఆనక గది అదిరిపోయేలా ఒక్క కేక పెట్టింది. “మిగిలింది నీడ కాదు! వెలుగు మిగిలింది! నేను అడ్డమున్న చోట గోడకి వెలుగు అందలేదు!”

ఆ కేక విన్నాక జవాబులు చెప్పే పనంటే నాకు విరక్తి పుట్టింది.

నాకు ఒళ్ళు మండేది పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతో. పిల్ల ఇంకా నోరు తెరవకముందే వెనకనుంచి తండ్రిగారు “రేడియం, రేడియం” అని అందిస్తారు. చీకట్లో మెరిసే ప్రతిదీ వీళ్ళకు రేడియమే. నియమం ఉంది కాబట్టి “కాదు సార్” అని కూడా అనలేను. “నిజంగా రేడియమే అయితే మనల్ని ఇక్కడ ఇంత హాయిగా నిలబడనిస్తారా సార్?” అని అడుగుతాను. ఆయన చప్పున గోడకు రెండడుగులు దూరం జరుగుతాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. కాసేపటికి అదే పెద్దమనిషి నన్ను టార్చి అడిగి పుచ్చుకుని, నాలుక బయటపెట్టి, గోడ మీద ఏనుగు బొమ్మ వేస్తూ ఉంటాడు. ఆదివారాలు మాకు కుటుంబాల రోజు. తాతా మనవరాలూ ఒకే ప్రశ్న ముందు తికమకపడుతూ నిలబడటం, ఇద్దరిలో ఎవరు ముందు పట్టుకుంటారో చివరిదాకా తెలియకపోవడం, ఇంతకు మించిన వినోదం నాకు ఇంకేమీ లేదు. నిజంగానే ఇంకేమీ లేదు.

ఎందుకంటే సాయంత్రం అయిదున్నరకు గదికి తాళం వేసి ఇంటికి వెళితే అక్కడ ప్రశ్న అడిగే మనిషి లేదు. మేడ మీద రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నేనుంటాను, ఇంకో గదిలో పాత వైర్లూ మాడిపోయిన బల్బులూ ఉంటాయి. రేడియో పెట్టుకుంటే అందులో మనిషి నాతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కానీ నా వంతు వచ్చేదాకా ఆగడు. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే వాషరు మార్చడానికి కూడా నాకు మనసొప్పలేదు చాలా రోజులు. ఏదో ఒక చప్పుడు ఉండనీ అనుకున్నాను.

ఇల్లు ఇలా కావడానికి కారణం కూడా ఆ నియమమే. మా ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ అడిగింది. “నేను ఈ ఇంట్లోంచి వెళ్ళిపోతే మీకేమైనా తేడా తెలుస్తుందా?”

దీనికి ఏం చెప్పాలో ఎంత మొద్దు మొగుడికైనా తెలుసు. నేనేమన్నాను? “నీకేమనిపిస్తోంది?” అన్నాను.

వెటకారానికి అనలేదు. పదేళ్ళుగా రోజుకు వందసార్లు నోట్లోంచి వచ్చే మాట, ఆ పూట దారి తప్పి ఇంట్లోకి వచ్చింది. తను కాసేపు నా మొహంలోకి చూసి, “ఏమీ తెలియదనిపిస్తోంది,” అని వెళ్ళిపోయింది. నెల తిరిగేసరికి కూతుర్ని తీసుకుని ఆసుపత్రి క్వార్టర్స్‌కి మారింది. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నా బాగుండేది, కనీసం నాలుగు మాటలు సూటిగా అనుకునేవాళ్ళం.

అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, ఇప్పుడు పన్నెండు. సన్నటి గొంతుతో గబగబా మాట్లాడుతుందని నేను పిచ్చుకా అని పిలుస్తాను. నెలకు రెండు శనివారాలు నా దగ్గరికి వస్తుంది. శనివారం నాకు సెలవుండదు కాబట్టి ఆ రోజంతా నీడల గదిలో ఫ్లాష్ లైటు పక్కనున్న స్టూలు మీద కూర్చుంటుంది. నా మాటలన్నీ తనకు కంఠతా. నేను ఎక్కడ ఆగుతానో, ఎక్కడ ఆశ్చర్యం నటిస్తానో నాకంటే ముందే పెదవులు కదిపి నన్ను ఏడిపిస్తుంది. ఆ రెండు శనివారాలను చూసుకునే నేను మిగతా రోజులు లాగించుకొచ్చాను.

ఈ ఏడాది పరీక్షలు అయ్యాక వాళ్ళమ్మ ఫోను చేసింది. తనకు బదిలీ అయింది. రైల్లో పద్నాలుగు గంటల దూరం.

“దాన్ని లాక్కుపోవాలని నాకు లేదు,” అంది. “మీ దగ్గరుండి ఇక్కడే చదువుకుంటానంటే ఉంచుకోండి. నాతో వస్తానంటే తీసుకెళ్తాను. పన్నెండేళ్ళొచ్చాయి, దాన్నే తేల్చుకోమన్నాను. నాన్నతో మాట్లాడి చెప్తానంది. శనివారం పంపిస్తాను.”

“సరే,” అన్నాను.

ఆ వారం నేను మనిషిలా లేను. రెండో గదిలోని వైర్లూ బల్బులూ రంగు డబ్బాలూ అన్నీ కిందికి మోసి పారేశాను. గోడలకు సున్నం వేశాను. చదువుకోవడానికి ఒక టేబులు కొన్నాను. అది మెట్ల మలుపులో ఇరుక్కుంటే కింది ఇంటాయనా నేనూ దాన్ని నిలువుగా తిప్పి, అడ్డంగా తిప్పి, తల ప్రాణం తోకకు తెచ్చుకున్నాం. “ఎవరికండీ ఇదంతా?” అని అడిగాడాయన. “మా అమ్మాయికి. నా దగ్గరే ఉంటుంది ఇక,” అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. వీధి చివరి బడికి వెళ్ళి ఎనిమిదో తరగతిలో చోటుందా అని కనుక్కున్నాను. ఉందన్నారు. దరఖాస్తు తెచ్చుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, శనివారం పొద్దున సంచిలో పెట్టుకుని పనికి వెళ్ళాను.

తను ఉంటానంటే నా ఇల్లు ఇల్లవుతుంది. వెళ్తానంటే ఆ రెండు శనివారాలు కూడా పోతాయి.

ఆ రోజు పదకొండు గంటల బ్యాచ్ వెళ్ళిపోయాక కాస్త వ్యవధి దొరికింది. గోడ మీద ఎవరిదో కుటుంబం, గెంతుతున్న పిల్లా చేతులు చాచిన తల్లీ, నల్లగా నిలబడి ఉంది. పిచ్చుక స్టూలు దిగి వెళ్ళి, మెరుస్తున్న చోట అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచి తీసింది.

“నాన్నా, ఇలా రా! తొందరగా రా!”

వెళ్ళి చూశాను. తన చెయ్యి ఉన్నచోట గోడ మిగతా చోటికంటే కాస్త ఎక్కువ మెరుస్తోంది. అయిదు వేళ్ళూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పద్నాలుగేళ్ళలో నేను ఆ గోడ మొహం చూడని రోజు లేదు, ఇది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

“టార్చి వేశావా?”

“లేదు, ఒట్టి చెయ్యే. నువ్వూ పెట్టు.”

పెట్టాను. నా ముద్ర అంతగా మెరవలేదు.

“నీ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి నాన్నా,” అని, చప్పున ఆగింది. “వేడి! వేడి తగిలితే గోడ దాచుకున్న వెలుగు తొందర తొందరగా వదిలేస్తోంది. అంతేనా?”

“నాకు తెలీదు తల్లీ,” అన్నాను. నిజంగానే తెలియదు. “నువ్వన్నదే నిజమైతే, నీ చెయ్యి పెట్టిన చోటే ముందు ఆరిపోవాలి. చూద్దాం.”

ఇద్దరం ఊపిరి బిగబట్టి, కళ్ళు గోడకు అతికించి కూర్చున్నాం. కాసేపటికి ఆ అయిదు వేళ్ళూ మిగతా గోడకంటే ముందు మసకబారాయి. పిచ్చుక ఎగిరి గంతేసింది. యాభై దాటినవాణ్ణి, నేనూ గంతేశాను. నాకు అంత సంతోషం కలిగి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు.

ఆ సంతోషంలోనే, ఇంకా ఆయాసపడుతూనే, తను అడిగింది. “నాన్నా, నేను ఇక్కడే, నీ దగ్గరే ఉండిపోవాలని నీకుందా?”

“ఉంది” అనడానికి ఎంతసేపు? సంచి అక్కడే కొక్కేనికి వేలాడుతోంది, అందులో దరఖాస్తు ఉంది. అయినా నేను నోరు తెరిచి, ఆదివారాలు ముక్కూ మొహం తెలియని పిల్లల్ని అడిగే గొంతుతోనే, అదే సాగదీతతో అన్నాను.

“నువ్వేమనుకుంటున్నావు?”

అబద్ధమెందుకు, అది అలవాటొక్కటే కాదు. భయం కూడా. ఉంది అంటే నా మీద జాలిపడి ఉండిపోతుందేమో, రేపు అమ్మ మీద బెంగపెట్టుకుని లోలోపల నన్ను తిట్టుకుంటుందేమో, తనంతట తను తేల్చుకోవడమే న్యాయమేమో. ఇదంతా ఆ క్షణంలోనే అనుకున్నానో, తరవాత తీరిగ్గా కూర్చుని అల్లుకున్నానో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం నేను చేసింది గొప్ప పనే అనిపించింది. మేడం వింటే మెచ్చుకునేవారు అని కూడా అనిపించింది. నా బుద్ధికి నేనే చెంపలు వాయించుకోవాలి.

“ఏమో,” అంది పిచ్చుక.

ఇంతలో తలుపు తోసుకుని పదకొండున్నర బ్యాచ్ లోపలికి వచ్చింది. నేను “రండి రండి, గోడ మనల్ని కరవదు, దగ్గరికి రండి,” అంటూ మొదలుపెట్టాను. తను వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు ఇక నా మాటలకు పెదవులు కదపలేదు. గమనించాను. ఆకలేస్తోందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం క్యాంటీన్లో బ్రెడ్డూ గుడ్డూ తిన్నాం. నేను ఆ చేతి ముద్ర సంగతే గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను. ఐసు ముక్క పెడితే ఏమవుతుందో చూడాలన్నాను, ఇకమీదట అది కూడా ఆటలో చేరుద్దామన్నాను. తను ఊఁ కొట్టింది. సాయంత్రం బస్సెక్కించేటప్పుడు సంచిలో చెయ్యి పెట్టాను. కాగితం వేళ్ళకు తగిలింది. ముందు తనను తేల్చుకోనీ, తరవాత చూపించి ఆశ్చర్యపరుద్దాంలే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బుధవారం వాళ్ళమ్మ ఫోను చేసింది.

“నాతో వస్తానంది,” అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“మీరేమీ అనలేదటగా.”

“నేనేమంటాను? దాన్నే తేల్చుకోమన్నావు కదా.”

“తేల్చుకోవడానికే అది మిమ్మల్ని అడిగింది. మీరు తిరిగి దాన్నే అడిగారట. ‘నేను ఉన్నా లేకపోయినా నాన్నకి ఒకటేలే అమ్మా,’ అంది. నేనేం చెప్పను? నాకు ఆ మాట కొత్తా?”

అరికాలి మంట నెత్తికెక్కింది. “ఒకటే కాదని నువ్వు చెప్పొద్దూ!” అని అరిచాను.

“మీ మాట కూడా నేనే చెప్పాలా?” అంది తను. కోపంగా అనలేదు, అలసటగా అంది. “ఆదివారం మూడింటికి రైలు. వెళ్ళేముందు ఆ గది ఒకసారి చూస్తానంటోంది. పొద్దున్నే తీసుకొస్తాను.”

శుక్రవారం సాయంత్రం ఆగలేక క్వార్టర్స్ దాకా వెళ్ళాను. గేటు బయట సామాన్ల లారీ ఆగి ఉంది. పిచ్చుక ఒక బకెట్లో గిన్నెలు వేసుకుని మోసుకొస్తోంది, వెనకాల వాళ్ళమ్మ పరుపు చుట్టతో కుస్తీపడుతోంది. ఏదో అనుకుని ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నేను ఎదుటి కొట్టు చాటున నిలబడి చూశాను. ఇప్పుడెళ్ళి చెబితే వాళ్ళిద్దరి మధ్య చిచ్చు పెట్టినట్టవుతుందేమో అనుకుని వెనక్కి తిరిగాను. సాకులు వెతుక్కోవడంలో నన్ను మించినవాడు లేడు. ఇంటికి వెళ్ళి కొత్త టేబులు ముందు కూర్చున్నాను. దాని మీద ఇంకా ఏమీ లేదు.

ఆదివారం పదిన్నర బ్యాచ్‌లో వచ్చారు. అందరిలాగే టికెట్లు కొనుక్కుని, అందరితోపాటు వరసలో నిలబడి వచ్చారు. “వీళ్ళు మావాళ్ళు” అని ఎవరికైనా చెబుదామనుకున్నాను, ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇరవై మందిలో వాళ్ళూ గోడకు ఆనుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. నేను స్విచ్ నొక్కాను. అందరూ పక్కకు జరిగారు. గోడ మీద నాకు ఆ రెండు నీడలు తప్ప ఇంకేవీ కనిపించలేదు.

“ఇప్పుడు ఏమయిందో ఎవరు చెప్తారు?” అన్నాను. ఎవరో పిల్లాడు గోడ ఫోటో తీసిందన్నాడు. “ఫోటో అయితే...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి తరవాతి ప్రశ్న నాకు తట్టలేదు. పిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాళ్ళ అమ్మ ఫోను వంక చూసుకుంది. అప్పుడు స్టూలు దగ్గర్నుంచి సన్నటి గొంతు వినిపించింది. “ఫోటో అయితే చొక్కా గుండీలు కూడా పడాలిగా? పడ్డాయేమో దగ్గరికెళ్ళి చూడు.” పిల్లాడు గోడ దగ్గరికి పరిగెత్తాడు. మిగతా ఆటంతా పిచ్చుకే ఆడించింది. టార్చి ఇచ్చింది, గీత గీయించింది, ఎవరో పెద్దాయన రేడియం అంటే నా గొంతుతోనే ఆయన్ను రెండడుగులు వెనక్కి నడిపించింది. నేను గోడవార నిలబడి చూశాను. ఎంత బాగా చేస్తోందో అని పొంగిపోయాను, ఇంకో నాలుగ్గంటల్లో రైలెక్కుతుందని గుర్తొచ్చి కుంగిపోయాను.

జనం వెళ్ళిపోయారు. “అయిదు నిమిషాలు. నేను బయటుంటాను,” అని వాళ్ళమ్మ తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

“పిచ్చుకా,” అన్నాను.

“ఊఁ.”

“ఆ రోజు నువ్వు నన్నొకటి అడిగావు. దానికి జవాబు... ఉంది. నువ్వు నా దగ్గరే ఉండాలని నాకుంది. చాలా ఉంది. నీకు గది సర్దాను, టేబులు కొన్నాను, బడిలో అడిగొచ్చాను. చెప్పలేదు. నాకు చెప్పడం రాలేదు.”

“తెలుసు నాన్నా.”

“ఏం తెలుసు?”

“నీకు నేను ఉండాలని ఉందని. అడగకముందే తెలుసు.”

“తెలిస్తే ఎందుకడిగావే?”

“నువ్విక్కడ రోజూ చేసేది అదేగా. నీకు తెలిసిందే అందర్నీ అడుగుతావు, వాళ్ళు వాళ్ళ నోటితో చెప్పాలని.”

“మరి అమ్మతో ఒకటేలే అన్నావట?” అన్నాను.

“కోపమొచ్చింది,” అంది. కాసేపు వేలితో గోడ మీద గీస్తూ నిలబడింది. “ఎవరైనా జవాబు చెప్పకపోతే నువ్వు వాళ్ళని ఇంకోలా మళ్ళీ అడుగుతావు కదా నాన్నా. నేను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది.”

“కాదు,” అన్నాను. “నువ్వు అడగాల్సినట్టే అడిగావు తల్లీ. తప్పు నాది. ఉండిపో.”

తను తల అడ్డంగా ఊపింది. “అమ్మకి మాటిచ్చాను. నేను వస్తానన్న రోజు అమ్మ వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది, నాకు వినపడకూడదని. ఇప్పుడు రానంటే ఏడవదు నాన్నా, సరేనంటుంది. అందుకే అనలేను.”

పన్నెండేళ్ళ పిల్ల. మా ఇద్దరికీ చేతకాని లెక్క తనొక్కతే కూర్చుని చూసుకుంది. నాకు సిగ్గేసింది, బాధేసింది, ఈ పిల్ల నా కూతురని గర్వంగానూ అనిపించింది. వీటిలో ఏదీ నాకు పనికొచ్చేది కాదు.

తను భుజానికి సంచి సర్దుకుంది.

“వెళ్ళనా నాన్నా?”

“వద్దు,” అన్నాను.

ఆలోచించి అనలేదు. దానివల్ల ఏమీ మారదని ఇద్దరికీ తెలుసు. పిచ్చుక నా చొక్కా రెండు చేతులతో పట్టుకుని, గుండెల మీద మొహం పెట్టి ఏడ్చింది.

“ఇంకోసారి చెప్పు,” అంది.

“వద్దు. వెళ్ళొద్దు.”

“ఇంకోసారి.”

మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెప్పాను. తరవాత వాళ్ళమ్మ తలుపు తట్టింది, తను వెళ్ళిపోయింది.